మ్యాప్ ఒక్కటే.. గీత జరిగితే లెక్క మారుతుంది!

2025 మార్చి ఆఖరులో ఉగాది, రంజాన్ సెలవులు వరసగా వచ్చాయి. ఆ సెలవుల్లోనే హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో పొక్లెయినర్లు దిగాయి. హెచ్‌సీయూ విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని పనులు ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్ అక్కడికి వెళ్లి చూసి, సుమారు 100 ఎకరాల్లో పచ్చదనం పోయిందని నివేదిక ఇచ్చారు.

ఈ వార్త మీరంతా చదివే ఉంటారు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ‘పర్యావరణం’ కింద నోట్సు కూడా రాసుకుని ఉంటారు. నోట్సులో ఉండని లెక్క ఒకటి ఇప్పుడు చేద్దాం. కాలిక్యులేటర్ చాలు.

400 ఎకరాలంటే దాదాపు 162 హెక్టార్లు. పోయిన 100 ఎకరాలు దాదాపు 40 హెక్టార్లు. ఆ 400 ఎకరాల సరిహద్దునే మన ‘నమూనా ప్రాంతం’ అనుకుంటే నష్టం 25 శాతం. అక్కడే మధ్యలో ఒక చుక్క పెట్టి, 2 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వలయం గీస్తే దాని విస్తీర్ణం 1,257 హెక్టార్లు. నష్టం 3.2 శాతానికి దిగుతుంది. వలయాన్ని 5 కిలోమీటర్లకు పెంచితే 0.5 శాతం. సుమారు 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ మొత్తాన్ని తీసుకుంటే 0.06 శాతం. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపాక ఆ విస్తీర్ణం 2 వేల చదరపు కిలోమీటర్లు దాటింది కదా, దాంతో భాగిస్తే 0.02 శాతం.

మొదటి అంకెకీ చివరి అంకెకీ వెయ్యి రెట్లకు పైగా తేడా. క్షేత్రంలో ఒక్క చెట్టు కూడా అటూఇటూ కదల్లేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఏ లెక్కా తప్పు కాదు. గీత ఎక్కడ గీశామన్నదొక్కటే మారింది.

మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నామంటూ రెజ్యూమెలో రాసే చాలామందికి బఫర్ గీయడం వచ్చు, గ్రిడ్ వేయడం వచ్చు. ‘ఒక కిలోమీటరే ఎందుకు తీసుకున్నారు?’ అని అడిగితే మాత్రం ‘సార్ చెప్పారు’, ‘డిఫాల్ట్‌గా అంతే వచ్చింది’ అనే జవాబులు వస్తాయి. ఇంటర్వ్యూ అక్కడే ముగుస్తుంది. ల్యాండ్‌స్కేప్ అనాలిసిస్‌లో కష్టమైన భాగం బటన్లలో లేదు. నమూనా ప్రాంతాన్ని నిర్ణయించడంలో ఉంది.

ఏ సైజు కరెక్టు?

దీనికి సాఫ్ట్‌వేర్ జవాబు చెప్పదు, మీ ప్రశ్నే చెప్పాలి. ‘ఈ భూమిలో అనుమతి లేకుండా ఎంత నరికారు?’ అన్నది ప్రశ్న అయితే ఆ 400 ఎకరాల హద్దే నమూనా ప్రాంతం. న్యాయస్థానానికి కావాల్సింది అదే. ‘ఇక్కడి నెమళ్లకు, జింకలకు ఇంకా ఎంత చోటు మిగిలింది?’ అంటే ఆ జంతువులు తిరిగేంత దూరం లెక్కలోకి తీసుకోవాలి. పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్, చెరువులు, మధ్యలో అడ్డొచ్చే రోడ్లు కూడా అందులోకి వస్తాయి. ‘నగరం వేడెక్కడంపై ప్రభావం ఎంత?’ అనేవాళ్లకు ఇంకో సైజు కావాలి. అంతేగానీ నగరం మొత్తం గీత గీసి ‘0.06 శాతమేగా’ అనేసేవాళ్లు తమ ప్రశ్నేమిటో ముందు చెప్పాలి. చెప్పకపోతే అనుమానించాల్సిందే.

మన నల్లమలలో పులుల లెక్క చూడండి. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ అభయారణ్యాలతో సహా దేశమంతటా కెమెరా ట్రాప్‌లను పెట్టేందుకు అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొడతారు. పులి తిరిగే పరిధి కంటే గడి బాగా చిన్నదిగా ఉంటే ఏ పులీ రెండు కెమెరాల మధ్య నుంచి కనిపించకుండా జారిపోదు. ఆ 2 అనే అంకె పులి ప్రవర్తన నుంచి వచ్చింది. అదే గడిని తేనెటీగల అధ్యయనానికి వాడితే మరీ పెద్దదైపోతుంది.

ఇదేమీ కొత్త సమస్య కాదు. జనాభా లెక్కల గళ్లను కలుపుకొంటూ పోతే రెండు అంశాల మధ్య సంబంధం ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుందని 1934లోనే అమెరికాలో గెల్కే, బీల్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. బ్రిటన్ భూగోళ శాస్త్రజ్ఞుడు స్టాన్ ఓపెన్‌షా 1984లో దీని మీద ఏకంగా ఓ చిన్న పుస్తకమే రాశారు. మారే ప్రాంతీయ యూనిట్ల సమస్య అంటారు దీన్ని. పేరు బరువుగా ఉంది కానీ సంగతి మనకు తెలిసిందే. నియోజకవర్గాల పునర్విభజన మీద ఇంత గొడవ ఎందుకు జరుగుతోంది? ఓటర్లు వాళ్లే. గీత మారితే ఫలితం మారుతుందని అందరికీ తెలుసు కాబట్టి.

ఆరావళిలో జరిగిందీ ఇదే

కరెంట్ అఫైర్స్‌లో ఇటీవల దీనికంటే పెద్ద ఉదాహరణ ఆరావళి కొండలు. చుట్టుపక్కల నేల నుంచి 100 మీటర్లు, అంతకంటే ఎత్తున్న భూరూపాన్నే ‘ఆరావళి కొండ’గా, అలాంటి రెండు లేదా అంతకంటే ఎక్కువ కొండలు 500 మీటర్ల లోపు ఉంటే ‘ఆరావళి శ్రేణి’గా గుర్తించాలన్న నిర్వచనాన్ని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఆమోదించింది. నిరసనలు వెల్లువెత్తాయి. డిసెంబరు 29న కోర్టు తన ఉత్తర్వును తానే నిలిపేసింది.

టీవీ చర్చలన్నీ ‘100 మీటర్లు’ చుట్టూ తిరిగాయి. మ్యాప్ గీసేవాడి కళ్లు మాత్రం ‘చుట్టుపక్కల నేల’ అన్న మాట మీద పడాలి. 100 మీటర్లు సరే, ఎక్కడి నుంచి కొలవాలి? ఒక కొండ శిఖరం సముద్ర మట్టానికి 560 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. దాన్ని ఆనుకుని ఉన్న మెట్టభూమి 480 మీటర్లు. అక్కడి నుంచి కొలిస్తే ఎత్తు 80 మీటర్లే, అంటే అది కొండ కాదు. 10 కిలోమీటర్ల అవతలి మైదానం 420 మీటర్లు. అక్కడి నుంచి కొలిస్తే 140, అంటే కొండే. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. చెప్పొచ్చేదేమిటంటే, ఎత్తు కొలిచే సాధనం ఎంత గొప్పదైనా, పోల్చుకునే ప్రాంతం ఎంత వెడల్పు అన్నది ముందు తేలాలి. కోర్టు ఆమోదించిన నిర్వచనంలో కొండను చుట్టి వచ్చే అన్నింటికంటే కింది కాంటూరు రేఖను ఆధారంగా పెట్టారు. ఎగుడుదిగుడుగా ఉండే నేలలో ఆ రేఖ ఎక్కడ మూసుకుంటుందన్న దాన్ని బట్టి ఒక గుట్ట లోపలికి వస్తుంది, పక్క గుట్ట బయటికి పోతుంది. బయటికి పోయిన గుట్టలో గనుల తవ్వకానికి దారి తెరుచుకోవచ్చు. ఇక్కడ ఒక సెట్టింగుకు ఉన్న బరువు అది.

అడవి అంటే ఎంత?

దేశంలో అడవుల లెక్క చెప్పేది ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా. 2024 డిసెంబరులో విడుదలైన 2023 నివేదిక ప్రకారం అటవీ విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు. దేశ భౌగోళిక విస్తీర్ణంలో 21.76 శాతం. దీనికి తోడు చెట్ల విస్తీర్ణం 1,12,014 చదరపు కిలోమీటర్లు. రెండూ కలిపితే 25.17 శాతం. పరీక్షల్లో ఈ అంకెలు అడుగుతారు, గుర్తుపెట్టుకోవడం మంచిదే.

అయితే ఈ రెండు అంకెలూ ఒకే రకమైనవి కావు. మొదటిది ఉపగ్రహ చిత్రాల్లో దేశం మొత్తాన్నీ పరిశీలించి గీసింది. రెండోది ఎంచుకున్న నమూనాల నుంచి లెక్కగట్టిన అంచనా. 2016 నుంచి జాతీయ అటవీ ఇన్వెంటరీకి దేశాన్ని 5 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు గళ్లుగా విభజిస్తున్నారు. దేశ విస్తీర్ణాన్ని 25తో భాగించి చూడండి, దాదాపు లక్షా 31 వేల గళ్లు వస్తాయి. ఇన్ని గళ్లలోనూ ప్రతి చెట్టునూ కొలవడం అసాధ్యం కాబట్టి అయిదేళ్ల చక్రంలో నమూనా ప్లాట్లకు వెళ్లి కొలుస్తారు.

మొదటి అంకెలోనూ ఒక గీత దాగి ఉంది. కనీసం 1 హెక్టారు విస్తీర్ణం, 10 శాతం పైన చెట్ల కప్పు ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. భూమి ఎవరిదన్నదీ, ఏ చెట్టన్నదీ చూడరు. అంటే మామిడి తోట కూడా, సుబాబుల్ తోట కూడా. ప్రకాశం జిల్లాలో మీరు వేసిన గడిలో ‘అడవి’ పెరిగిందని తేలితే పండగ చేసుకోకముందు అక్కడ కాగితపు మిల్లుకు వెళ్లే కర్ర తోటలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. మూడేళ్ల తర్వాత అదే గడిలో ‘అడవి తరిగిపోయింది’ అని రిపోర్టు రాయాల్సి రావచ్చు. అక్కడ జరిగింది మాత్రం రైతు కర్ర కొట్టి అమ్ముకోవడమే!

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ జారిపడతాం?

ఇక చేతిపనిలోకి వద్దాం. క్యూజీఐఎస్ ఉచితం, కాలేజీ ల్యాబ్‌లో లేకపోయినా ఇంట్లోనే వేసుకోవచ్చు. గళ్లు వేయడానికి ‘క్రియేట్ గ్రిడ్’, చుక్కలు చల్లడానికి ‘రాండమ్ పాయింట్స్’, వలయాలకు ‘బఫర్’, ఒక్కో ప్రాంతంలో ఏ వర్గం ఎన్ని పిక్సెళ్లుందో తీయడానికి ‘జోనల్ హిస్టోగ్రామ్’. నాలుగు పనిముట్లతో పని అయిపోతుంది. ముక్కల సైజు, అంచుల పొడవు, ముక్కల మధ్య దూరం లాంటి కొలతలు కావాలంటే ఫ్రాగ్‌స్టాట్స్ ఉంది. 1995 నుంచి ఈ రంగంలో అందరూ వాడుతున్న ప్రోగ్రామే.

అందరూ మొదట పడే గోతి ప్రొజెక్షన్. డౌన్‌లోడ్ చేసిన డేటా చాలాసార్లు అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో వస్తుంది. అలాగే ఉంచి బఫర్ దూరం దగ్గర 500 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 500 మీటర్లనుకోదు, 500 డిగ్రీలనుకుంటుంది. భూమి చుట్టూ తిరిగితేనే 360! వలయం తెరను దాటిపోయినప్పుడు తప్పు తెలిసిపోతుంది కాబట్టి ఇది మంచి తప్పే. చెడ్డ తప్పు ఇంకోటుంది. 0.005 డిగ్రీలని కొట్టి సుమారు 500 మీటర్లని సరిపెట్టుకోవడం. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా 110 కిలోమీటర్లకు పైగా ఉంటే, తూర్పు పడమరలుగా 106 మాత్రమే. మీ వలయం గుండ్రంగా కనిపిస్తూనే కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ఎవరికీ తెలియదు, మీకు కూడా.

అందుకే ముందు డేటాను మీటర్లలోకి మార్చుకోవాలి. మన దగ్గర యూటీఎం జోన్ 44 వాడతారని క్లాసులో చెబుతారు. సగం నిజమే. ఆ జోన్ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులోవే. వికారాబాద్, జహీరాబాద్, అనంతపురం మాత్రం 78కి పడమరన జోన్ 43లో పడతాయి. ఇచ్ఛాపురం 84 దాటి జోన్ 45లో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకే మూడు జోన్లు. రాష్ట్రం మొత్తం మీద పనిచేసేటప్పుడు విస్తీర్ణాన్ని సరిగ్గా నిలిపే ఈక్వల్ ఏరియా ప్రొజెక్షన్ ఒకటి ఎంచుకుని అంతటికీ అదే వాడటం మేలు.

రెండోది వలయాల మీద వలయాలు. 30 చెరువుల చుట్టూ 2 కిలోమీటర్ల బఫర్లు గీసి ‘30 నమూనాలు’ అని రాస్తారు. రెండు చెరువుల మధ్య దూరం కిలోమీటరే అయితే వాటి వలయాల్లో మూడింట రెండొంతులకు పైగా ఒకటే నేల. ఒకే పొలాన్ని రెండుసార్లు లెక్కపెట్టి రెండు సాక్ష్యాలుగా చూపించినట్టు. గణాంక పరీక్ష మాత్రం అవి వేర్వేరనే నమ్మి, లేని ధీమాతో ఫలితం ఇస్తుంది. వలయాలు తగలకుండా చుక్కలను ఎడంగా ఎంచుకోవాలి, లేదంటే ఎంత అతివ్యాప్తి ఉందో రిపోర్టులో చెప్పాలి.

మూడోది అంచులు. గడి గీత ఒక అడవి ముక్క మధ్యలోంచి పోతే సాఫ్ట్‌వేర్‌కు అది రెండు ముక్కలు. నాలుగు గళ్లు కలిసే మూల మీద పడితే నాలుగు. అడవి ముక్కలైపోయిందని మీరు రాస్తారు, ముక్కలు చేసింది మీ గ్రిడ్డే! మూలాన్ని సగం గడి దూరం జరిపి మళ్లీ లెక్క తీయండి. జవాబు పెద్దగా మారకపోతే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. బాగా మారితే గడి సైజు మీ అడవికి నప్పలేదన్నమాట. అలాగే జిల్లా సరిహద్దు దగ్గర పెట్టిన చుక్క చుట్టూ గీసిన వలయంలో సగం డేటా లేని ఖాళీలోకి పోతుంది. డేటాను సరిహద్దుకు కత్తిరించేముందే వలయం వెడల్పు అంత అదనంగా తీసుకుని ఉంచుకోవాలి.

చుక్కలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగువు. చేత్తో పెడితే మన చేయి తెలియకుండానే రోడ్ల పక్కకి, తెలిసిన ఊళ్ల వైపుకి పోతుంది. పూర్తిగా యాదృచ్ఛికంగా చల్లితే అన్నీ ఎక్కువగా ఉన్న పంటపొలాల్లోనే పడి, కొంచెమే ఉన్న మడ అడవికి ఒక్కటీ దక్కకపోవచ్చు. అందుకే ముందు నేలను వర్గాలుగా విడగొట్టి ఒక్కో వర్గానికి ఇన్నని కేటాయించే పద్ధతి ఎక్కువమంది వాడతారు. కోరింగ లాంటి చోట పనిచేసేవాళ్లకు ఇది తప్పనిసరి అనే చెప్పాలి.

ఋతువు సంగతి చాలామంది మర్చిపోతారు. దక్కన్‌లో చాలా చెట్లు వేసవి మొదట్లో ఆకు రాలుస్తాయి. నవంబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోల్చితే ఎవరూ గొడ్డలి ఎత్తకపోయినా అడవి మాయమైనట్టు కనిపిస్తుంది. కంచ గచ్చిబౌలి సమయంలో ఏఐతో తయారుచేసిన నకిలీ చిత్రాలు కూడా సోషల్ మీడియాలో తిరిగాయి. అవి నకిలీవని తేల్చడం తేలిక. అసలైన ఉపగ్రహ చిత్రాలనే తప్పు నెలల్లోంచి ఏరుకొచ్చి పక్కపక్కన పెడితే పట్టుకోవడం కష్టం.

ఈ పని ఎవరికి కావాలి?

పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలకు రోజూ కావాలి. గని, సిమెంటు ఫ్యాక్టరీ లాంటి పెద్ద ప్రాజెక్టుల రిపోర్టుల్లో సాధారణంగా 10 కిలోమీటర్ల వ్యాసార్ధాన్ని అధ్యయన ప్రాంతంగా తీసుకుంటారు. అంటే 314 చదరపు కిలోమీటర్లు. 100 హెక్టార్ల గని ఆ వలయంలో 0.3 శాతం మాత్రమే. ‘ప్రభావం స్వల్పం’ అన్న వాక్యం ఎంత సులువుగా వస్తుందో చూశారా? మంచి విశ్లేషకుడు ఆ 10 కిలోమీటర్లతో పాటు 1, 2, 5 కిలోమీటర్ల దగ్గర కూడా లెక్కలు తీసి పక్కన పెడతాడు. వలయం పెరిగేకొద్దీ అంకె ఎలా పడిపోతోందో ఆ పట్టికే చెబుతుంది. ఇలాంటి పట్టిక పెట్టమని చట్టం అడగకపోయినా పెట్టాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలకు గుర్తింపు ఇచ్చే నాబెట్ విధానంలో భూ వినియోగం, జీవావరణం రెండూ విడివిడి నిపుణుల విభాగాలే.

ఎగుమతుల వైపు నుంచీ గిరాకీ వస్తోంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, రబ్బరు లాంటివి తమ మార్కెట్లోకి రాకూడదని ఐరోపా యూనియన్ చట్టం చేసింది. అమలు రెండుసార్లు వాయిదా పడి, ఇప్పుడు పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30 గడువు ఉంది. 4 హెక్టార్లు దాటిన తోటకు చుట్టూ హద్దు గీసి ఇవ్వాలి, అంతకంటే చిన్నదైతే ఒక్క చుక్క చాలు. అరకు గిరిజన రైతుల కాఫీ సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతుంది. పైనుంచి చూస్తే తోటేదో, అడవేదో తెలియదు. ఆ చుక్క కొంచెం పక్కకు జరిగి చెట్లు కొట్టిన చోట పడిందంటే ఒక రైతు పంట అమ్ముడుపోకుండా ఆగిపోవచ్చు. అరకులో ఫోన్ పట్టుకుని చుక్కలు సేకరించే కుర్రాడి దగ్గరా, ఆఫీసులో వాటిని సరిచూసే అమ్మాయి దగ్గరా ఉండాల్సిన జాగ్రత్త ఇది.

ఇక ప్రభుత్వ రంగంలో బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 2021 ఫిబ్రవరిలో మ్యాప్ డేటా మీద ఆంక్షలు సడలించాక, 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చాక ప్రైవేటు సంస్థలకూ తలుపులు తెరుచుకున్నాయి. జియోగ్రఫీ, సివిల్, వ్యవసాయం, బోటనీ, కంప్యూటర్స్.. ఏ డిగ్రీ నుంచైనా ఇటు రావొచ్చు. దెహ్రాదూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. సర్టిఫికెట్ ఉంటే మంచిదే. దానికంటే ఎక్కువ ఉపయోగపడేది మీరు సొంతంగా చేసిన ఒక చిన్న పని.

అదెలాగంటే.. మీ మండలాన్నే తీసుకోండి. సెంటినల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల పిక్సెల్, అంటే హెక్టారుకు 100 పిక్సెళ్లు. వరసగా రెండేళ్లు, ఒకే నెల. ప్రశ్నను ఒక్క వాక్యంలో ముందే కాగితం మీద రాసి తేదీ వేయండి. ఏ సైజు గడి, ఎందుకన్నది రెండో వాక్యం. చిత్రం తెరిచింది ఆ తర్వాతేనని చెప్పగలగాలి, ఎందుకంటే ఫలితం చూశాక నచ్చిన సైజు ఎంచుకోవడం ఎవరికైనా వచ్చు. తర్వాత సగం సైజుతో, రెట్టింపు సైజుతో మళ్లీ చేయండి. మూడు జవాబులూ ఒకే పేజీలో పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చి ఉంటుందో నాలుగు లైన్లు రాయండి. అనుమానం వచ్చిన రెండు మూడు గళ్లకు బండేసుకుని వెళ్లి ఫొటో తీసుకురండి. ఇంటర్వ్యూకి ఆ పేజీ తీసుకెళ్తే ‘ఒక కిలోమీటరే ఎందుకు?’ అని వాళ్లు అడిగేలోపే మీరు చెప్పొచ్చు. మండలం ఇచ్ఛాపురం అయితే మాత్రం జోన్ 45 అన్నది మర్చిపోవద్దు.